పెద్దాయన అన్న మాట

తీర్పు శుక్రవారం. సోమవారం పొద్దున న్యాయమూర్తి తన గదిలో ఆఖరి ప్రతిని ముందేసుకుని కూర్చుంది. ఆరు వందల నలభై పేజీలు. మూడేళ్ళ విచారణ, నూట పదిహేడు మంది సాక్షులు, ముద్దాయి మాత్రం ఒక్కడే. యుద్ధం జరిగిన రోజుల్లో ఒక కొండ జిల్లాకి సైనిక కమాండర్‌గా ఉన్న మనిషి. తలో దేశం నుంచి వచ్చిన ముగ్గురు జడ్జీల బెంచి అది. అతని మీద జైలు శిబిరం నేరాలూ ఉన్నాయి. పిండిమిల్లు దగ్గర నలభై ముగ్గురు మగవాళ్ళని చంపిన సంగతి మీద అధ్యాయం రాసింది ఆమే.

ఆ అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది. “ముప్ఫై ఒకటో సాక్షి ఈ విషయం తడుముకోకుండా చెప్పింది.” ఆ వాక్యం రాసింది తనే. కానీ పక్కన పెట్టుకున్న సాక్ష్యం నకలులో ఆ జవాబుకి ముందు ‘విరామం’ అని ఉంది. ఎంతసేపు? రెండు సెకన్లయితే తడుముకోనట్టే. ఇరవై సెకన్లయితే ఆ మాట కొట్టెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా జడ్జీగా పనిచేస్తున్న మనిషికి ఇలాంటివి పంటి కింద రాళ్ళలా తగులుతాయి.

ఆ రోజు రికార్డింగు కంప్యూటర్లో వెతికి పట్టుకుంది. కోర్టులో మాటలన్నీ దుబాసీల గొంతుల్లో వినిపిస్తాయి. అందరూ వినేది ఆ గొంతులే, నకళ్ళలోకి ఎక్కేదీ ఆ గొంతులే. విరామం కొలవాలంటే మాత్రం సాక్షి సొంత గొంతు కావాలి. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, దుబాసీలు లేకుండా అసలు గొంతులే వినిపించే ఛానెల్ నొక్కింది. సాక్షి మాట్లాడే కొండ భాష ఆమెకి ఒక్క ముక్క రాదు.

తెర మీద సాక్షి కనబడింది. కుట్టుపని చేసుకుని బతికే మనిషి, నలభై దాటి ఉంటాయి. ముఖం దాచుకోనని చెప్పి బాహాటంగా సాక్ష్యం చెప్పింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, సూది పోట్లకి గట్టిపడ్డ చూపుడువేలి కొసని బొటనవేలితో రుద్దుకుంటోంది.

విరామం పదకొండు సెకన్లు. ‘తడుముకోకుండా’ మీద గీత కొట్టి, హెడ్‌ఫోన్లు తియ్యబోయి, న్యాయమూర్తి ఆగిపోయింది. ఆ పదకొండు సెకన్ల తర్వాత సాక్షి నోట మొదటగా వచ్చిన మాట తనకి ఎక్కడో తగిలింది. రెండక్షరాల మాట. నాలుక అంగిట్లో తగిలి విడిచే చప్పుడు.

వెనక్కి తిప్పింది. అంతకు ముందు అరగంట సాక్ష్యంలో అదే చప్పుడు ఇంకో రెండు చోట్ల ఉంది. ఆ నిమిషాలు కాగితం మీద రాసుకుని, నకలు తీసి చూసింది.

మొదటి చోట: “ఆ నెల మేము బావగారింట్లో ఉన్నాం.”

రెండో చోట: “మా ఆయన్నీ మా పిన్నత్తగారి అబ్బాయినీ బావగారే మిల్లుకి రమ్మన్నారు.”

మూడో చోట: “కమాండర్ గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేసినవాళ్ళని సైనికులు మిల్లు వెనక్కి తీసుకెళ్ళారు.”

మాట ఒక్కటే. రెండుసార్లు బావగారు, మూడోసారి కమాండర్.

ఆమె మళ్ళీ పెట్టింది. ఈసారి ఆపకుండా వదిలేసింది. భుజం మీద చెయ్యి వేశాడన్న మాట తర్వాత సాక్షి ఊపిరి తీసుకుని ఇంకేదో మొదలుపెట్టింది. నాలుగు మాటలు అన్నదో లేదో, ఆ మాటల మీదుగా ఒక ఆడగొంతు పడింది. “చాలమ్మా. మీరు చెప్పింది మాకు అర్థమైంది. ఇంక మిమ్మల్ని కష్టపెట్టం. కాసేపు విశ్రాంతి తీసుకోండి.”

ఆ గొంతు తనదే. ఎంత దయగా ఉందో. సాక్షి నోరు మూసుకుని, తల ఊపి, లేచింది.

న్యాయమూర్తి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. చెవులు వేడెక్కి ఉన్నాయి.

మధ్యాహ్నం ఆ రోజు పనిచేసిన దుబాసీని పిలిపించింది. దుబాసీల విభాగం పెద్దావిడ కూడా వెంట వచ్చింది, ఒక్కణ్ణే పంపడం పద్ధతి కాదని. అతను యాభై ఏళ్ళ మనిషి, మైదానంలో పుట్టి, కొండమీది పిల్లని పెళ్ళి చేసుకుని ఆ భాష నేర్చినవాడు. మూడు ముక్కలూ వినిపించారు. మూడోది వింటున్నప్పుడే అతని ముఖం వాడిపోయింది.

“ఆ మాటకి అర్థం ఏమిటండీ?” అంది న్యాయమూర్తి.

“పెద్దాయన అని మేడమ్. మొగుడి అన్నని వాళ్ళు పేరు పెట్టి పిలవరు, అలాగే అంటారు. ఊరిపెద్దని కూడా అంటారు. సైన్యంలో పైవాణ్ణి కూడా…” అతను ఆగాడు. “అనొచ్చు.”

“ఇక్కడ ఎవర్ని అంది?”

“ఇప్పుడు వింటుంటే బావగారినే అన్నట్టుంది. ఆ రోజంతా కమాండర్ గురించే అడుగుతున్నారు మేడమ్. కమాండర్ని చూశారా, కమాండర్ ఎక్కడ నిలబడ్డాడు అని. ఆమె పెద్దాయన అనగానే నా నోటికి కమాండరే వచ్చేశాడు.”

విభాగం పెద్దావిడ అతని మోచెయ్యి పట్టుకుంది, మందలింపుగానో ఓదార్పుగానో. న్యాయమూర్తి అడగాల్సింది ఇంకొకటి ఉంది. “నేను అడ్డుపడినప్పుడు ఆమె ఏదో అంటోంది కదా. అదేమిటి?”

దుబాసీ రెండుసార్లు విన్నాడు. “‘ఆయన నా మొగుడి భుజం మీద కూడా…’ అని. అంతే మేడమ్. తర్వాత మీ గొంతు.”

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాడు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరై, భార్య ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, ఆరేళ్ళుగా వంట తన చేతిలోకి తీసుకున్నాడు. క్యారెట్లు అన్నీ ఒకే మందంలో ఉండాలని కొలతబద్ద పెట్టినంత పని చేస్తాడు.

భోజనాల దగ్గర ఆమె మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు ముఖంలోకి చూశాడు.

“ఇంట్లో కూడా తీర్పు రిజర్వు చేస్తే ఎలా జడ్జిగారూ. ఉప్పు సరిపోయిందో లేదో అదైనా చెప్పాలిగా.”

“సరిపోయింది.”

“నేను ఉప్పే వెయ్యలేదు.”

ఆమె నవ్వింది. తర్వాత చెంచా పక్కన పెట్టింది. కేసు సంగతులు ఇంట్లో చెప్పదు, ఆయనా ఎప్పుడూ అడగడు. “మీ బడి పిల్లల్లో ఎవడైనా లెక్క చేశాడనుకోండి. జవాబు సరైనదే. మధ్యలో ఒక మెట్టు తప్పు. మార్కులు వేస్తారా?”

“జవాబు సరైనదని నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“వాళ్ళూ అదే అంటారు,” అంటూ ఆయన ఉప్పు సీసా ఆమె వైపు జరిపాడు.

*

మంగళవారం జడ్జీల గదిలో ముగ్గురూ కూర్చున్నారు. తలుపేస్తే బయటి అడుగుల చప్పుడు కూడా వినబడని గది. బెంచి అధ్యక్షుడు భారీ మనిషి. గుండెజబ్బు వల్ల టీ మానేసి వేడినీళ్ళు తాగుతాడు. మూడో జడ్జి న్యాయకళాశాలలో పాఠాలు చెప్పి వచ్చినవాడు. పది మాటలు అవసరమైన చోట రెండు వాడతాడు.

న్యాయమూర్తి మూడు ముక్కలూ వినిపించి, దుబాసీ చెప్పింది చదివింది.

అధ్యక్షుడు గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ అన్నాడు. “సాక్ష్యం ముగిసి పద్నాలుగు నెలలైంది. ముద్దాయి తరఫు లాయర్లు ఐదుగురున్నారు, వాళ్ళలో ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు.”

“వాళ్ళకీ, ముద్దాయికీ ఆ భాష రాదు.”

“ఆ మాటకి కమాండర్ అనే అర్థం కూడా ఉందని దుబాసీయే అంటున్నాడుగా. మీరు మీ చెవుల మీద తీర్పు ఆపమంటున్నారు.”

“ఆపమనే అంటున్నాను. ఆమెని మళ్ళీ పిలిచి అడుగుదాం.”

“అడిగితే ఆమె బావగారే అందనుకోండి. అప్పుడు?”

ముగ్గురికీ తెలుసు అప్పుడేమవుతుందో. మిల్లు దగ్గరికి వచ్చిన సైనికులు తన మనుషులు కారనీ, రాజధాని నుంచి దిగిన వేరే దళమనీ కమాండర్ మొదటి నుంచీ చెబుతున్నాడు. ఆర్డర్లన్నీ కాల్చేశారు. అతను ఆ రోజు మిల్లు గుమ్మంలో ఉన్నాడని చూసి చెప్పిన మనిషి ముప్ఫై ఒకటో సాక్షి ఒక్కతే. ఆ గుమ్మంలోంచి అతన్ని తీసేస్తే నలభై ముగ్గురి చావుకి కోర్టు ఎవరి పేరూ చెప్పలేకపోతుంది.

“అతనే చేయించాడని మీకు తెలీదా?” అన్నాడు అధ్యక్షుడు మెల్లగా.

“నాకు అలాగే అనిపిస్తోంది.”

“మరి?”

“అనిపించింది కాబట్టే ఆ రోజు ఆమె మాట మధ్యలో ఆపాను. నాకు కావలసిన మాట వచ్చేసింది, ఇంక చాలనుకున్నాను.”

మూడో జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “మళ్ళీ పెట్టండి,” అన్నాడు. విన్నాడు. “ఇంకోసారి.” విన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “పిలవాలి,” అన్నాడు.

అధ్యక్షుడు వేడినీళ్ళు తాగేసి గ్లాసు బోర్లించాడు. “సరే. నోటీసు నేనే సంతకం పెడతాను. ప్రాసిక్యూటర్ నా మీదే అరవాలిగా.”

*

సాక్షిని ఆ కొండ జిల్లా కేంద్రంలోని కోర్టు కార్యాలయానికి పిలిపించి, గురువారం పొద్దున వీడియోలో కూర్చోబెట్టారు. ఈసారి దుబాసీలుగా ఇద్దరు, ఒకరిని ఒకరు సరిచూసుకోవడానికి. గాజు వెనక ముద్దాయి ఇస్త్రీ చేసిన కోటులో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు. ప్రశ్నలు ఎవరు అడగాలన్న దాని మీద లాయర్లు గంటసేపు వాదించుకున్నాక, న్యాయమూర్తే అడిగేటట్టు తేలింది.

తెర మీద సాక్షి కాస్త బరువు పెరిగి, కాస్త తేరుకున్నట్టు కనబడింది. బల్ల కింద పెట్టుకున్న చేతులు కనబడలేదు.

“అమ్మా, మిమ్మల్ని మళ్ళీ ఇబ్బంది పెడుతున్నాం. పోయినసారి మిల్లు గుమ్మంలో పెద్దాయన నిలబడ్డాడని చెప్పారు. ఆ పెద్దాయన ఎవరు?”

సాక్షి కెమెరా వైపు కాకుండా పక్కకి చూసింది. అక్కడ కిటికీ ఉన్నట్టుంది, ముఖం మీద వెలుగు పడింది. న్యాయమూర్తి గడియారం చూడలేదు.

“మా బావగారు,” అంది చివరికి. “నా భర్త అన్న. ఆ రోజే చెప్పాను కదమ్మా.”

కోర్టులో కుర్చీలు కిర్రుమన్నాయి. ముద్దాయి తరఫు లాయరు ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు.

“ఆయన ఎందుకు నిలబడ్డాడు?”

“ఎవరు ఎవరో ఆ సైనికులకి తెలీదు. మా వాళ్ళెవరో, వేరే వాళ్ళెవరో చెప్పే మనిషి కావాలి. ఆయన కొడుకుని లారీలో కూర్చోబెట్టారు. నువ్వు చెబితే నీ కొడుకు దిగుతాడన్నారు. ఆయన ఒక్కొక్కళ్ళ భుజం మీద చెయ్యి వేస్తూ వెళ్ళాడు. మా ఆయన దగ్గరికొచ్చినప్పుడు ముఖం అటు తిప్పుకుని వేశాడు.”

“కమాండర్ అక్కడ ఉన్నారా?”

“నేను చూడలేదు. సైనికుల్ని చూశాను. వాళ్ళకి ఎవరు చెప్పి పంపారో నాకెలా తెలుస్తుంది?”

ప్రాసిక్యూటర్ లేచి నిలబడింది. ఆరేళ్ళుగా ఈ కేసు మోస్తున్న మనిషి, గొంతు ఎత్తకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది. “అమ్మా, మీ సాక్ష్యం నకలు మీకు పంపాం. మీ భాషలో చదివి వినిపించారు కూడా. అందులో కమాండర్ అనే ఉంది. అప్పుడు ఎందుకు చెప్పలేదు?”

సాక్షి మళ్ళీ కిటికీ వైపు చూసింది.

“ఆ రోజు కోర్టులో చెప్పి ఇంటికెళ్ళాక మా తోడికోడలికి చెప్పాను. ‘మీ ఆయన సంగతి చెప్పేశానక్కా’ అని. బావగారు అప్పటికే పోయారు. లారీలోంచి వాళ్ళ అబ్బాయి కూడా దిగలేదు. ఆమెకింక మిగిలింది నేనే, నాకు ఆమే. మా ఇద్దరివీ ఒకే వాకిలి. చెప్పిన రోజు నుంచి నాతో మాట మానేసింది. ఎదురుపడితే లోపలికెళ్ళిపోయేది. ఏడు నెలలు.” ఆమె నీళ్ళు తాగింది. “తర్వాత మీ కాగితం వచ్చింది. చదివినాయన కమాండర్ అని చదివాడు. ఆమె గుమ్మంలో నిలబడి విన్నది. కోర్టుకెళ్ళి కూడా నేను ఆ మాట అనలేకపోయాననుకుంది. మర్నాడు పొద్దున గిన్నెలో పాలు తెచ్చి నా గడప మీద పెట్టింది.”

దుబాసీ గొంతు ఒక క్షణం వెనకబడి, అందుకుంది.

“ఆ కాగితం తప్పని మీతో చెబితే ఆమె మళ్ళీ మాట మానేస్తుంది. మీరు ఇంత పెద్ద చదువులు చదివినవాళ్ళు, మీరే అలా రాసుకున్నప్పుడు నాకెందుకులే అనుకున్నాను. అబద్ధం నేను చెప్పలేదు కదా అనుకున్నాను.”

ప్రాసిక్యూటర్ కూర్చుంది.

న్యాయమూర్తి ముందు కాగితం మీద ఇంకా నాలుగు ప్రశ్నలున్నాయి. సాక్షికి న్యాయం చేస్తున్నానని ఆమె రెండు రోజులుగా అనుకుంటోంది. ఆ మాట తిరిగి సాక్షి నోట్లో పెడితే చాలనుకుంది. దానికి ఆ పాలగిన్నె మూల్యంగా పోతుందని ఎక్కడా రాసి లేదు.

“ఈ భాగం రహస్యంగా ఉంచమని మీరు కోరవచ్చు,” అంది. “తీర్పులో మీ బావగారి ప్రస్తావన లేకుండా రాసే వీలుందేమో చూస్తాం.”

“కమాండర్ని వదిలేస్తే ఎందుకు వదిలేశారని ఊళ్ళో అడగరా? నా సాక్ష్యమే కదా.”

“అడుగుతారు.”

“మరి దాచడం ఎందుకమ్మా.” సాక్షి చేతులు బల్ల మీదికి తెచ్చింది. “పోయినసారి మీరు చాలన్నారు. నేను ఇంకా అయిపోలేదనుకున్నాను. కానీ చాలన్నందుకు ప్రాణం తేలికపడింది, నిజం చెప్పాలంటే. ఇవాళ అలా అనరని తెలిసే వచ్చాను. నాకు ఒక్కటి కావాలి. తీర్పు చదివేలోపు నాకు కొన్ని రోజులివ్వండి. ఆమెకి నేనే చెప్పాలి. కాగితం చూసి తెలియకూడదు.”

న్యాయమూర్తి అధ్యక్షుడి వైపు చూసింది. ఆయన బల్ల మీది క్యాలెండరు తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. వచ్చే బుధవారం.

“మీరు చెప్పాలనుకున్నది ఇంకా ఏమైనా మిగిలిందా?” అని అడిగింది సాక్షిని.

“మిగిలింది.”

“చెప్పండి.”

సాక్షి చెప్పింది. భర్త ఆ రోజు వేసుకున్న చొక్కా తనే కుట్టిందనీ, ఎడమ భుజం కుట్టు వదులైతే సాయంత్రం సరిచేస్తానందనీ, బావగారి చెయ్యి సరిగ్గా ఆ కుట్టు మీదే పడిందనీ. కేసుకి అందులో ఏదీ పనికిరాదు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. న్యాయమూర్తి అన్నీ రాసుకుంది.

*

ఆ వారాంతం ఆమె తన అధ్యాయం మొత్తం తిరగరాసింది. ‘నేరం రుజువు కాలేదు’ అన్న మాట దగ్గరికి రావడానికి నలభై పేజీలు కావలసి వచ్చాయి. అధ్యక్షుడు ఆదివారం ఫోను చేసి, “ఆ భాగం మీరే చదవండి. నా గొంతులో అది నమ్మబుద్ధి కాదు,” అన్నాడు. ఆ తర్వాత, “మీరు చేసింది తప్పని నేను అనను. ఒప్పని కూడా ఇవాళ అనలేను,” అని పెట్టేశాడు.

బుధవారం ప్రేక్షకుల వరుసలు నిండిపోయాయి. కొండ జిల్లా నుంచి మూడు వ్యాన్లలో వచ్చిన కుటుంబాలు. సాక్షుల బాగోగులు చూసే అధికారి లోపలికొచ్చి, ముప్ఫై ఒకటో సాక్షి కూడా వచ్చిందనీ, తోడికోడలికి కూడా ఒక సీటు అడిగిందనీ చెప్పింది. “తోడికోడలికి అంతా చెప్పిందట మేడమ్. ఇద్దరూ ఒకే వ్యానులో వచ్చారు. దారిలో మాట్లాడుకోలేదని డ్రైవరు అన్నాడు.”

అధ్యక్షుడు జైలు శిబిరం నేరాలు చదివాడు. అవి రుజువయ్యాయి. తర్వాత న్యాయమూర్తి మైకు దగ్గరికి జరిగి మిల్లు భాగం అందుకుంది. తొందరపడకుండా, ప్రతి వాక్యం చివరా దుబాసీలు అందుకునేదాకా ఆగుతూ చదివింది. సాక్షి మొదట చెప్పినప్పుడే నిజం చెప్పిందని చదివింది. అది కోర్టు నకళ్ళలోకి తప్పుగా ఎక్కిందని చదివింది. సాక్షి పూర్తి చెయ్యకుండా ఆపింది ఈ బెంచిలోని ఒక న్యాయమూర్తి అని చదివింది. ఆ వాక్యం వద్దని అధ్యక్షుడు రెండుసార్లు గీత కొడితే ఆమె రెండుసార్లూ తిరిగి పెట్టింది.

‘రుజువు కాలేదు’ అన్న చోట ప్రేక్షకుల వరుసల్లో మనుషులు లేవడం మొదలుపెట్టారు. అరుపుల్లేవు. ఒక ముసలాయన హెడ్‌ఫోన్లు తీసి కుర్చీ మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు. ఆయన వెనకే ఇంకొకరు, ఇంకొకరు. ప్రాసిక్యూటర్ తల ఎత్తలేదు. శిక్ష పద్ధెనిమిదేళ్ళని అధ్యక్షుడు చదివే సమయానికి సగం వరుసలు ఖాళీ. మూడో వరుసలో సాక్షి, ఆమెకి రెండు కుర్చీల అవతల నల్లటి శాలువా కప్పుకున్న పెద్దావిడ, తోడికోడలే కాబోలు, ఇద్దరూ ఎదురుగా చూస్తూ కూర్చున్నారు.

గౌను తీసి కొక్కేనికి తగిలించి, న్యాయమూర్తి మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గర ఆగింది. జడ్జీలు సాక్షులతో మాట్లాడకూడదు. తీర్పయిపోయాక కూడా. కింద వాన మొదలైంది. రెండు వ్యాన్లు అప్పటికే కదిలిపోయాయి. మూడోదాని దగ్గర పెద్దావిడ ఎవరి సాయం లేకుండా, మోకాలు పట్టుకుని ఎక్కి, తలుపు లాగేసుకుంది.

సాక్షి ఒక సంచీ పట్టుకుని బయట నిలబడింది. తలుపు పిడి మీద చెయ్యి వెయ్యలేదు. డ్రైవరు తల బయట పెట్టి ఏదో అన్నాడు, ఎక్కమని కాబోలు. ఆమె తల అడ్డంగా ఊపింది. గొడుగు లేదు. వాన ఎక్కువైంది. న్యాయమూర్తి కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించింది, ఏదో చెయ్యగలిగినట్టు.

చాలాసేపటికి వ్యాను తలుపు లోపలి నుంచి జానెడు తెరుచుకుంది. ఆగింది. ఇంకాస్త తెరుచుకుంది. నల్లశాలువాలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, సాక్షి చేతిలోని సంచీ అందుకుంది.